అక్క ఫైల్లో నా పొట్ట

మార్చి 3, సోమవారం

లాండ్రీ కౌంటర్ దగ్గర ఎనిమిది మంది నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది. హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చిందట. సంగతి చెప్పి పెట్టేస్తే అక్క ఎందుకవుతుంది? పైన తేదీ దగ్గర్నుంచి కింద ముద్ర దాకా మొత్తం చదివి వినిపించింది. నేను ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎవరిదో కోటుకి నంబరు చీటీ కుడుతూ విన్నాను.

ఎవరో వాళ్ల కంప్యూటర్లలో దూరి రోగుల వివరాలన్నీ ఎత్తుకుపోయారు. పేరు, పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ కార్డు నంబరు, ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏ ఆపరేషన్, ఒక్కటీ మిగల్చలేదు. పోయి నాలుగు నెలలైందట, ఇప్పుడు తీరిక దొరికి చెబుతున్నారు. ఉత్తరంలో ఎక్కడా దొంగతనం అన్న మాట లేదు. "సంఘటన" అని రాశారు. "మీ గోప్యత మాకు ప్రాణంతో సమానం" అని కూడా రాశారు. అక్కడ ప్రాణాలకి ఎంత మర్యాద దక్కుతుందో ఆ హాస్పిటల్ బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ తెలుసు.

నేను ఇక్కడ ఒక్క చొక్కా పోగొడితే కస్టమర్ నా పీక మీద కూర్చుంటాడు. "అయ్యా, మీ చొక్కాకి సంబంధించి ఒక సంఘటన జరిగింది" అని ఉత్తరం రాసి చేతులు దులుపుకోగలనా? పదహారేళ్లుగా రోజుకి రెండు వందల బట్టలు నా చేతి మీదుగా వెళ్తున్నాయి. ఒకరి ప్యాంటు ఇంకొకరి ఇంటికి వెళ్లింది లేదు. పెద్ద పెద్ద చదువులు చదివి అద్దాల గదుల్లో కూర్చున్నవాళ్లకి ఆ మాత్రం చేతకాలేదు.

అక్క బాగా భయపడింది. ఏమీ కాదులే అని పెట్టేశాను.

మార్చి 4

అదే కబురు నా ఫోన్‌కీ వచ్చింది, అక్క పేరుతో. చదివి తీసేశాను.

మార్చి 5

ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆరేళ్ల క్రితం అక్కా బావా పది రోజులు ఊరెళ్లారు. కుండీల్లో మొక్కలకి నీళ్లు పోయడానికి నన్ను వాళ్లింట్లో ఉండమన్నారు. నాలుగో రోజు నాకు పొట్టలో నొప్పి మొదలైంది. అపెండిక్స్. లాండ్రీ యజమాని మాకు ఇన్సూరెన్స్ ఇవ్వడు, ఆరోగ్యం జాగ్రత్త అని సలహా మాత్రం ఇస్తాడు. అక్కది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం, ఆవిడకి కార్డుంది. సొరుగులోనే ఉంది. తీసుకుని వెళ్లాను. మా ఇద్దరివీ అచ్చు గుద్దినట్టు ఒకే మొహాలు. కౌంటర్లో ఉన్నవాడు ఆ ఫోటో వంక చూసిన పాపాన పోలేదు. ఫోన్ నంబరు అడిగితే నాది చెప్పాను. అక్క పేరుతో పడుకున్నాను, అక్క పేరుతో కోయించుకున్నాను, మూడో రోజు ఇంటికొచ్చి కార్డు సొరుగులో పెట్టేసి మొక్కలకి నీళ్లు పోశాను. వాళ్లు తిరిగొచ్చాక జ్వరం వచ్చి చిక్కానని చెప్పాను. లాండ్రీలో పెళ్లికి వెళ్లానని చెప్పాను.

కార్డు వాడుకున్నాను. అంతే. ఎవరికైనా ఏదైనా పోతే దాన్ని దొంగతనం అంటారు. అక్కకి ఏం పోయింది?

మార్చి 8, శనివారం

అక్కవాళ్లింటికి వెళ్లాను. బావ డైనింగ్ టేబుల్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. దొంగలు వస్తున్నారని ఉన్న పాస్‌వర్డులన్నీ ఒక్క పూటలో మార్చేశాడు. ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం దొంగల చేతిలో పడితే ఎలా అని దాన్ని చించేశాడు. ఇప్పుడు తన బ్యాంకు ఖాతా తనకే తెరుచుకోవడం లేదు. ముప్పై ఏళ్లు లెక్కల మేష్టారుగా వెలగబెట్టిన మనిషి! దొంగలు ఎక్కడున్నారో గానీ, వాళ్ల పని సగం ఈయనే చేసిపెట్టాడు. మొహం మీద అనలేదు. "మీరు మంచి పనే చేశారు బావగారూ" అన్నాను. పొంగిపోయాడు.

ఉత్తరంతో పాటు ఒక సలహాల కాగితం పంపారు. వాళ్లు పోగొట్టి, జాగ్రత్తలు మనకి చెబుతున్నారు. పాస్‌వర్డులు మార్చుకోండి. హాస్పిటల్ నుంచి అని ఎవరైనా ఫోన్ చేస్తే వివరాలు చెప్పకండి. ఇన్సూరెన్స్ వాళ్లు పంపే కాగితాలు చదవండి. మీ వైద్య ఫైలు నకలు తెప్పించుకుని, మీరు చేయించుకోని చికిత్స ఏదైనా మీ పేరున ఉందేమో చూసుకోండి, ఉంటే వెంటనే ఫిర్యాదు చేయండి. అక్క ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఒక్కో పనీ అయ్యాక ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతోంది. మూడు టిక్కులు పడ్డాయి. నాలుగోది ఫైలు.

అందులో ఏముంటుంది అక్కా, నీ మోకాళ్ల నొప్పులు చదివి దొంగ ఏం బాగుపడతాడు అన్నాను. తన గురించి ఏం రాసి ఉందో దొంగకి తెలిసి తనకి తెలియకపోతే ఎలా అంది. కాఫీ చల్లారిపోయిందని వంక పెట్టాను.

మార్చి 9

ఏమీ దొరకదు. మంచం మీదున్న రోగి ఎవరో తెలియనివాళ్లకి ఆరేళ్ల నాటి కాగితం ఎక్కడ దొరుకుతుంది?

మార్చి 12, బుధవారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అక్క ఫైలు కోసం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. నువ్వు నువ్వేనని నిరూపించుకోవాలట. పుట్టిన తేదీ చెప్పింది, సరిపోయింది. మా హాస్పిటల్లో చివరిసారి ఎప్పుడు చేరారు అని అడిగారట. నేనెప్పుడూ చేరలేదమ్మా అంది. మీ జవాబు సరిపోలేదు, మీరు వేరే ఎవరో అయి ఉండొచ్చు అన్నారట. మీ ఫోన్ నంబరు కూడా మా ఫైల్లో ఉన్నది కాదు అన్నారట. మరి ఉన్నదెవరిది అంటే, గోప్యత అని ఫోన్ పెట్టేశారు. అంతా ఊడ్చి దొంగల చేతిలో పోశారు. సొంతదారు అడిగితే మాత్రం గోప్యత.

అక్క నా కౌంటర్ మీద పడి ఒకటే బాధ. దొంగలు నా ఫైలు మార్చేశారే బుజ్జీ అంటుంది. నాకు నలభై ఆరేళ్లు వచ్చాయి, ఇంకా బుజ్జీనే. వాళ్ల కంప్యూటర్‌కి పిచ్చెక్కింది, వదిలెయ్ అన్నాను. వదిలే రకం కాదు. అప్పటికే ఆఫీసుకి సెలవు పెట్టి స్వయంగా హాస్పిటల్‌కి వెళ్లి అర్జీ ఇచ్చేసి, తిరుగు దారిలో నా దగ్గరికి వచ్చింది. పది రోజుల్లో ఫైలు పంపుతారట.

మార్చి 13

మధ్యాహ్నం, ఇస్త్రీ గదిలో ఎవరూ లేనప్పుడు, హెల్ప్‌లైన్‌కి నేను ఫోన్ చేశాను. ఫైల్లో ఉన్న నంబరు నాదే కదా. పేరు అక్కది చెప్పాను. పుట్టిన తేదీ చెప్పాను. ఎప్పుడు చేరారు అంటే నెలతో సహా చెప్పాను. దేనికి చేరారు అంటే అపెండిక్స్ అన్నాను.

"కరెక్ట్‌గా చెప్పారు మేడమ్, థాంక్యూ" అంది ఆ అమ్మాయి.

ఇదీ వాళ్ల కాపలా. అసలు మనిషిని గుమ్మంలోంచి గెంటేశారు, నాకు ఎర్ర తివాచీ పరిచారు. నిన్న ఇచ్చిన అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. సరే అంది. అరనిమిషం పట్టలేదు.

చేసింది అక్క మంచికే. ఊరికే బెంగ పెట్టుకుని ఆరోగ్యం పాడుచేసుకుంటోంది.

మార్చి 17, సోమవారం

అర్జీ ఏమైందో కనుక్కోవడానికి బావ హాస్పిటల్‌కి వెళ్లాడు. మీ ఆవిడే ఫోన్ చేసి వెనక్కి తీసుకుంది, ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది అన్నారట. ఇంకేముంది! దొంగ ఆడమనిషి అని తేలిపోయింది. అక్క గొంతుతో మాట్లాడుతుంది, అక్క పుట్టిన తేదీ తెలుసు. బావ ఈ సంగతి వీధి వీధంతా చెప్పాడు. కొత్త తాళాలు కొన్నాడు, ఒకటి కాదు మూడు. ఫైలుకీ తలుపుకీ ఏం సంబంధమని అడిగేవాళ్లు లేరు.

నేను వెళ్లేసరికి అక్క కిటికీ గడియలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంటోంది. చూసిందే మళ్లీ చూసింది. "ఆవిడ నా గొంతుతో ఏం మాట్లాడి ఉంటుందే?" అని అడిగింది. నాకెలా తెలుస్తుంది అన్నాను.

ఒళ్లు మండిపోయింది, అక్క మీద. అంత భయపడాల్సింది ఏముంది ఇందులో? వాళ్లు మళ్లీ అర్జీ ఇచ్చారట. ఇవ్వనీ.

మార్చి 20, గురువారం, పొద్దున

అక్కకి నిన్న రాత్రి నుంచి పొట్టలో నొప్పట. బొడ్డు చుట్టూ. రెండుసార్లు వాంతి అయింది. బెంగతోనే అంటున్నాడు బావ. గ్యాస్. అక్కకి ఎప్పుడూ గ్యాసే.

మధ్యాహ్నం

బావ హాస్పిటల్‌కి ఫోన్ చేశాడు. ఫోన్లోనే చూసే డాక్టర్ ఒకాయన ఉంటాడట, చూడకుండానే చూస్తాడు. నంబరు తేడాగా ఉందని మళ్లీ అడ్డుపడకుండా బావ అక్క కార్డు నంబరు చదివి, పుట్టిన తేదీ చెప్పాడు. డాక్టర్ ఫైలు తెరిచి చదివి మాట్లాడాడు. అక్క నాకు నీరసంగా ఫోన్ చేసి చెప్పింది.

"భయపడాల్సిన నొప్పి నాకు వచ్చే అవకాశమే లేదన్నాడే. ఫైలు చూసే చెప్పాడు. గ్యాస్ మాత్ర రాశాడు. అంటే నా ఫైలు బాగానే ఉన్నట్టే కదూ?"

బాగానే ఉన్నట్టే అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఒక సూటుకి తప్పు చీటీ కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను.

సాయంత్రం ఆరు

నొప్పి కుడివైపు కిందకి దిగిందట. నిటారుగా నిలబడలేకపోతోంది. జ్వరం.

నాకు ఆ దారి తెలుసు. బొడ్డు దగ్గర మొదలై ఎలా దిగుతుందో తెలుసు. హాస్పిటల్‌కి తీసుకెళ్లండి బావగారూ అన్నాను. డాక్టర్ చెప్పాడు కదా, నువ్వు డాక్టర్‌వా అన్నాడు. మాత్ర పడింది, పడుకుంది అన్నాడు. నేను రేపు పొద్దున్నే వస్తాను అన్నాను.

చెప్పలేదు. ఒక్క ముక్క చాలు, చెప్పలేదు. పొద్దునకి తగ్గిపోతుంది, తగ్గిపోతే చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. అలాగే రాస్తున్నాను, నాకు నేను అబద్ధం చెప్పుకోవడం ఇక్కడ కూడా ఎందుకు?

మార్చి 22, శనివారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను.

తెల్లవారగానే వెళ్లాను, లాండ్రీ యూనిఫాంలోనే. అక్క మంచం మీద ముడుచుకుని ఉంది. మొహం బూడిద రంగు. బావనేమీ అడగలేదు, టాక్సీ పిలిచి ఎక్కించాను. దారిలో ప్రతి గతుకుకీ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా.

ఎమర్జెన్సీలో ఒక లేడీ డాక్టరు ఉంది. చిన్నపిల్లలా ఉంది, కళ్లలో నిద్ర. అక్క పొట్ట మీద చెయ్యి వేసింది, అక్క అరిచింది. అప్పుడు కంప్యూటర్ తెర వంక చూసి చేతులు తుడుచుకుంది. అపెండిక్స్ ఆరేళ్ల క్రితమే తీసేశారు కాబట్టి అది కాదు, పాత ఆపరేషన్ దగ్గర పేగు అంటుకుని ఉండొచ్చు, సెలైన్ పెట్టి సాయంత్రం దాకా చూద్దాం అంది.

"నాకా? నాకెవరు తీశారు?" అంది అక్క. మాట సరిగ్గా రావడం లేదు.

బావ ఎగిరాడు. చూశారా, దొంగలు మార్చేశారని నేను మొత్తుకుంటూనే ఉన్నాను అన్నాడు. దొంగలు ఫైలు ఎత్తుకుపోతారు గానీ ఆపరేషన్లు రాసి పెట్టరు అంది డాక్టరు. జ్వరంలో పేషెంట్లు మర్చిపోతారు, మచ్చ కనపడకపోయినా ఆశ్చర్యం లేదు, ఇప్పుడు చిన్న రంధ్రాలతోనే తీస్తున్నారు అని అక్కకి నచ్చజెప్పింది. తన పొట్టలో ఏముందో అక్క చెబుతోంది, కంప్యూటర్ కాదంటోంది, అందరూ కంప్యూటర్‌నే నమ్ముతున్నారు. ఎంత తెలివితక్కువ మనుషులు అని అక్కడ కూడా అనుకున్నాను. అది నేను రాయించిన అబద్ధమని తెలిసి కూడా అనుకున్నాను.

అక్క నా వంక చూసింది. "నువ్వైనా చెప్పవే, నాకు ఏ ఆపరేషనూ కాలేదని" అంది.

"ఆ అపెండిక్స్ నాది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. చొక్కా పైకెత్తి పొట్ట చూపించాను. మూడు మచ్చలు, బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు. అక్క కార్డుతో నేనే చేరాను, ఆవిడది లోపలే ఉంది, మొన్న రాత్రి నుంచి అదే నొప్పి, కోయండి అన్నాను. డాక్టరు నా పొట్ట వంక, అక్క పొట్ట వంక చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ తీసి పరిగెత్తింది. నిద్రకళ్ల పిల్ల అని తీసిపారేశాను గానీ, పది నిమిషాల్లో థియేటర్ సిద్ధం చేయించింది.

అప్పటికే పగిలిపోయింది. లోపలంతా చీము. రెండున్నర గంటలు పట్టింది. గురువారం సాయంత్రం తీసుకొచ్చి ఉంటే ఇంత అయ్యేది కాదని సర్జన్ బావతో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాకు చాలా సిగ్గేసింది. భయమేసింది. ఈ రెండు మాటలూ ఇంతకు ముందు ఈ బుక్కులో నేను రాయలేదు.

మార్చి 23

కళ్లు తెరిచింది. నీళ్లు అడిగింది. బావనే అడిగింది.

మార్చి 24, సోమవారం

హాస్పిటల్ వాళ్ల గోప్యత అధికారి వార్డుకి వచ్చాడు. టై కట్టుకుని, చేతిలో నాలుగు పేజీలు పట్టుకుని. లక్ష మంది వివరాలు గాలికి వదిలేసినప్పుడు ఈయన ఎక్కడున్నాడో తెలియదు, ఇప్పుడు మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. దొరక్క దొరక్క ఒక దొంగ దొరికింది, అదీ వాళ్ల మీద తప్పు పడని దొంగ. నేను చేసిన ఫోన్ కూడా రికార్డయి ఉందట. కంప్యూటర్లలో దూరినవాళ్ల జాడ ఏమైనా తెలిసిందా అని అడిగాను. విచారణలో ఉంది అన్నాడు. నా సంగతికి విచారణే అక్కర్లేకపోయింది.

పేషెంట్ ఫిర్యాదు మీద సంతకం పెడితేనే ఫైల్లోంచి నా ఆపరేషన్ తీసేయడం కుదురుతుందట. పెడితే మాత్రం కాగితం పోలీసులకి వెళ్తుందట. ఎల్లుండి నన్ను స్టేషన్‌కి పిలుస్తారట. పెట్టు అన్నాడు బావ. ఆయన నాతో మాట్లాడి మూడు రోజులైంది.

అక్క కళ్లజోడు అడిగింది. నాలుగు పేజీలూ మొదటి నుంచి చదివింది, పైకే చదివింది, గొంతు లేకపోయినా. నిందితురాలు అన్న చోట ఆగి, నా పేరు కూడా చదివింది. అధికారి గడియారం చూసుకున్నాడు.

"ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"నిజమే అక్కా."

"ఆ ఫోన్ చేసింది కూడా నువ్వేనా?"

"నేనే."

కార్డు సంగతి కన్నా అదే ఆవిడకి ఎక్కువ తగిలింది. మొహం పక్కకి తిప్పుకుంది. కిటికీ గడియలు చూసుకుంటూ తిరిగిన రోజులు గుర్తొచ్చి ఉంటాయి. నాకూ గుర్తొచ్చాయి. మళ్లీ నా వైపు తిరిగింది.

"నిన్ను కోసినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మూడు రోజులూ?"

"మూడు రోజులూ. నర్సులు నీ పేరుతో పిలిచేవాళ్లు. ఇంకెవరినో అనుకుని మొదట్లో పలికేదాన్ని కాదు."

అక్క కళ్లజోడు తీసి దుప్పటితో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఒక్క ఫోన్ చేస్తే వచ్చేదాన్ని కదే అంది. తర్వాత పెన్ను అడిగి నాలుగు పేజీల మీదా సంతకం పెట్టింది, తొందరపడకుండా, సూది గుచ్చిన చేత్తోనే. అధికారి కాగితాలు లాక్కున్నట్టే తీసుకుని వెళ్లిపోయాడు.

"ఎల్లుండి మీరు దానికి తోడు వెళ్లండి" అంది బావతో.

ఫిర్యాదు మనది, నేరం చేసింది అది, నేను తోడు వెళ్లేదేమిటి, మతి ఉండే మాట్లాడుతున్నావా అన్నాడు బావ. నీ ప్రాణం పోయేది అన్నాడు. అంటూనే అక్క దుప్పటి భుజాల దాకా లాగాడు. ఈ మనిషిని నేను ఇన్నేళ్లూ పాస్‌వర్డుల కాగితాలు చించుకునే వెర్రివాడిగానే చూశాను.

"పోయేదే. అయినా వెళ్లండి" అంది అక్క. "అది ఒక్కతే వెళ్తే అక్కడ కూడా నా పేరే చెప్పి వస్తుంది."

కళ్లు మూసుకుంది. నవ్విందో నొప్పికి పెదవి బిగించిందో నాకు తెలియలేదు.

మార్చి 26, బుధవారం

బావ పదింటికి లాండ్రీ ముందు స్కూటర్ ఆపాడు. ఎక్కు అన్నాడు, అంతే.

స్టేషన్లో బల్ల వెనక ఉన్నాయన తల ఎత్తకుండానే పేరు అడిగాడు. చెప్పాను, నాదే. పక్క కుర్చీలో బావ, సరిగ్గా రాశాడో లేదో అని వంగి చూశాడు.